నవలిక డైరీ: కొండ పొరల మధ్య తలుపు

జనవరి 6

పిల్లలు వేరే లోకాలకు వెళ్ళివచ్చే కథ ఒకటి రాయాలని నాలుగేళ్ళుగా అనుకుంటున్నాను కానీ, వాళ్ళు ఏ తలుపు గుండా వెళ్తారో తేలక పని ముందుకు సాగలేదు. బావి, అద్దం, చెట్టు తొర్ర, పాత బీరువా, ఇవన్నీ ఇదివరకే ఎవరో ఒకరు తెరిచేసిన తలుపులు. నిన్న తిరుమల కొండకు వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, ముప్పై ఏళ్ళుగా చూస్తూ కూడా చూడని ఒక గీత కంటపడింది. కింద ముద్దలు ముద్దలుగా ఉన్న గ్రానైటు, దాని మీద పలకలు పేర్చినట్టుగా నిలువునా లేచిన ఎర్రని నగరి క్వార్ట్‌జైటు అనే రాయి, ఆ రెండింటికీ నడుమ ఒక అంచు.

కింది రాయి వయసు 210 కోట్ల ఏళ్ళకు పైమాటే. దాని మీద కూర్చున్న పొరల వయసు 160 కోట్ల ఏళ్ళు. రెండూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉన్నాయి, నడుమ వేలు దూరే సందు కూడా లేదు, అయినా ఆ అంచు దగ్గర 50 కోట్ల ఏళ్ళ లెక్క తప్పిపోయింది. ఆ కాలంలో పడిన పొరలు కొట్టుకుపోయి అయినా ఉండాలి, అసలు పడకుండా అయినా ఉండాలి. భూవైజ్ఞానికులు దీన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకాల జాబితాలో చేర్చింది.

నాకు తలుపు దొరికింది. బస్సు దిగేలోపే టికెట్టు వెనక 'లెక్కకు రాని ఏళ్ళు ఎక్కడికి పోయాయి?' అని రాసుకున్నాను. నవలిక పని ఈ రోజు మొదలైనట్టు లెక్క.

జనవరి 19

రెండు వారాలు వృథా అయ్యాయి. వేరే లోకాలు అనగానే మనకు పద్నాలుగు లోకాలు సిద్ధంగా ఉన్నాయి కదా అనే ధీమాతో, భూలోకం నుంచి సత్యలోకం దాకా పైకి ఏడు, అతలం నుంచి పాతాళం దాకా కిందికి ఏడు వరసగా వేసి, లోకానికొక అధ్యాయం చొప్పున పట్టిక కట్టాను. గోడకు అతికించుకుంటే చూడ్డానికి ఆ పట్టిక ఎంతో బాగుంది. నాలుగు అధ్యాయాలు రాశాక చదువుకుంటే, పిల్లలిద్దరూ టూరిస్టు బస్సులో తిరుగుతున్నట్టుంది. ప్రతి లోకంలోనూ దిగడం, ఆశ్చర్యపోవడం, మళ్ళీ ఎక్కడం. ఎనిమిదో తరగతికి చెప్పే తెలుగు పాఠం వాసన కూడా వచ్చింది. ఉద్యోగం తాలూకు దుర్గుణం అది, రాతలో ఎక్కడ సందు దొరికినా దూరుతుంది.

పట్టిక చింపేశాను. ఇకనుంచి ఒకటే లోకం.

ఫిబ్రవరి 9

ఆ ఒక్క లోకానికి నియమం కుదిరింది. రాతిలో ఆ 50 కోట్ల ఏళ్ళకు గుర్తు మిగల్లేదు కాబట్టి, ఆ లోకంలో దేనికీ గుర్తు నిలవదు. నడిస్తే అడుగులు పడవు. మట్టి మీద వేలితో పేరు రాస్తే చివరి అక్షరం పూర్తయ్యేలోపు మొదటి అక్షరం పూడుకుపోతుంది. అక్కడి మనుషులు చెడ్డవాళ్ళేమీ కారు. పొద్దున్నే లేచి ఒకరినొకరు కొత్తగా పరిచయం చేసుకుని, సాయంత్రానికి స్నేహితులై, మళ్ళీ తెల్లవారేసరికి మరిచిపోతారు. ఆ లోకంలో రాక్షసుడు అక్కర్లేదని తెలిసి నాకు చాలా ఊరట కలిగింది, ఎందుకంటే రాక్షసుణ్ణి చంపే ఘట్టాలు రాయడం నాకు చేతకాదు.

తలుపును ఘాట్ రోడ్డు మీద ఉంచడానికి వీల్లేదు, అక్కడ పిల్లలు ఒంటరిగా నడవరు. కాబట్టి కథ కోసం ఆ అంచును కొండ పక్కగా కాస్త జరిపి, కపిలతీర్థానికి పైన నేను కల్పించుకున్న ఒక రాతి అరుగు దగ్గరికి తెచ్చాను. ఇంత మాత్రం స్వేచ్ఛ కథకు ఉంటుందని నా నమ్మకం.

మార్చి 2

పాత్రలకు పేర్లు పెట్టాను. అక్క మునెమ్మ, పన్నెండేళ్ళు. తమ్ముడు చెంగల్రాయుడు, ఎనిమిదేళ్ళు, ఇంట్లో అందరికీ చెంగడు. మొదట పెట్టిన పేర్లు ఏ ఊరివో చెప్పలేని నాజూకు పేర్లు. మా పాఠశాల హాజరుపట్టీలో తిరుపతి చుట్టుపక్కల పల్లెల పిల్లల పేర్లు చూశాక, 'ముని'తో మొదలయ్యే పేరు ఒక్కటైనా లేకుండా ఇక్కడి కథ రాయడం అన్యాయమనిపించింది.

కథనం మామూలు రాతభాషలోనూ సంభాషణలు మా జిల్లా మాటలోనూ ఉంచాలని నిర్ణయించుకున్నాను. "యాడికి పోతా ఉండావురా?" అని మునెమ్మ అడిగితేనే చెంగడు వెనక్కి తిరిగి చూస్తాడు, "ఎక్కడికి వెళ్తున్నావు తమ్ముడూ?" అంటే వేరే ఎవరినో అనుకుంటాడు. ఈ నిర్ణయం తీసుకున్న రోజే ఇరవై పేజీల సంభాషణలు మళ్ళీ రాయాల్సి వచ్చింది.

మార్చి 23

అక్క కూతురు సెలవుకు వచ్చింది. పదకొండేళ్ళది, మొహమాటం లేని పాఠకురాలు. మొదటి అయిదు అధ్యాయాలు చదవమని ఇచ్చి, నేను వంటింట్లో సంగటి గెలుకుతూ చెవి అటే వేసి ఉంచాను. మధ్యలో ఒక్కసారి నవ్వు వినబడింది, తరవాత చాలాసేపు ఏమీ వినబడలేదు. చివరికి కాగితాలు పట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడి, "చిన్నమ్మా, వీళ్ళు పోతే వాళ్ళమ్మ ఎతకలేదా?" అని అడిగింది.

"అక్కడ ఎంతసేపు ఉన్నా ఇక్కడ ఒక్క నిమిషమే అవుతుందమ్మా, అందుకని వాళ్ళమ్మకు తెలియదు," అన్నాను.

"అట్లయితే పోయినా పోకపోయినా ఒకటే కదా," అంది, కాగితాలు బల్ల మీద పెట్టేసి అవ్వ దగ్గరికి వెళ్ళిపోయింది.

సంగటి అడుగంటింది. నాకు కోపం వచ్చింది, ఆ పిల్ల మీద కాదు, ఆ సంగతి నాకే తట్టనందుకు. అమ్మకు తెలియకుండా వెళ్ళి తెలియకుండా రావడం రచయితకు సుఖమే, కథకు మాత్రం ఏమీ మిగలదు. మన పాత కథలు ఈ సుఖానికి లొంగలేదు. భాగవతం తొమ్మిదో స్కంధంలో కకుద్మి అనే రాజు కూతురు రేవతిని వెంటబెట్టుకుని, ఆమెకు తగిన వరుడెవరో అడగడానికి బ్రహ్మలోకానికి వెళ్తాడు. అక్కడ పాట సాగుతుంటే ముగిసేదాకా కాసేపు ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమి మీద 27 చతుర్యుగాలు గడిచిపోతాయి, అతను మనసులో అనుకున్న వరులు, వాళ్ళ మనవలు, చివరికి వాళ్ళ వంశాల పేర్లు కూడా మిగలవు.

అంతకంటే దగ్గరగా తగిలినవాడు నచికేతుడు. వేరే లోకానికి వెళ్ళివచ్చిన పిల్లల్లో నాకు తెలిసి అతనే పెద్దవాడు. యముడి ఇంట్లో మూడు రాత్రులు తిండి లేకుండా కాచుకుని, మూడు వరాలు సంపాదించాడు. మరణం తరవాతి సంగతి అడిగిన మూడో వరం గురించే అందరూ మాట్లాడతారు, నేనూ తరగతిలో దాని గురించే చెబుతూ వచ్చాను. ఈ రాత్రి కఠోపనిషత్తు తాత్పర్యం తీసి చూస్తే మొదటి వరం దగ్గర ఆగిపోయాను. మా నాన్న కోపం చల్లారాలి, నువ్వు నన్ను తిరిగి పంపినప్పుడు ఆయన నన్ను గుర్తుపట్టి పలకరించాలి. యముడంతటివాడు ఎదురుగా నిలబడి ఏం కావాలో కోరుకోమంటే, పిల్లవాడు ముందుగా కోరింది అది.

నా నవలిక దేని గురించో మూడు నెలల తరవాత తెలిసింది. వెళ్ళడం గురించి కాదు. ఆ అయిదు అధ్యాయాలూ ఇప్పుడు రెండు కావాలి.

ఏప్రిల్ 14

పిల్లలు దారి తప్పకుండా ఉండడానికి వాళ్ళ అవ్వ ఇచ్చిన పటం ఒకటి కథలో ఉంది. గుర్తు నిలవని లోకంలో పటం మీది గీతలు ఎలా నిలుస్తాయన్న చిక్కు నెల రోజులుగా వేధిస్తోంది. దానికి జవాబు వెతుక్కుంటూ శ్రీకాళహస్తి వెళ్ళి, కలంకారీ వేసే ఒక పెద్దాయన పక్కన పూటంతా కూర్చున్నాను.

పాలలోనూ కరక్కాయ రసంలోనూ నానబెట్టి ఆరేసిన నూలుగుడ్డ మీద ఆయన వెదురు కలంతో గీస్తారు. కలానికి మొనకు కాస్త పైన నూలుదారంతో చుట్టిన ఉండ ఉంటుంది. రంగులో ముంచి తీసి, గీస్తున్నప్పుడు బొటనవేలితో ఆ ఉండను నొక్కుతుంటే ద్రవం మొనలోకి దిగుతుంది. నల్లరంగు కోసం ఇనుప తుక్కును బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెడతారు. కుండలో ఉన్నప్పుడు అది పల్చని మురికినీళ్ళలా ఉంది, కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే కళ్ళముందే నల్లబడింది. నెమలి మెడ వంపు ఒక్క ఊపులో వచ్చేసింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తుంటే, "నువ్వేమీ భయపడొద్దులేమ్మా," అన్నారాయన.

ఎరుపు రావలసిన చోట మాత్రం పటికనీళ్ళు పూశారు. తడిగా ఉన్నంతసేపు గీత కనబడింది, ఆరాక దాదాపు మాయమైంది. తరవాత ఎరుపునిచ్చే వేళ్ళూ చెక్కలూ వేసి ఆ గుడ్డను ఉడికిస్తే, పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుందట.

నా చిక్కు అక్కడే విడిపోయింది. అవ్వ పటాన్ని పటికతో గీసింది. కనబడే గుర్తును తుడిచేసే లోకం, కనబడని గీతను తుడవలేదు.

ఉత్సాహం ఎక్కువై, ఇంటికి వచ్చేదారిలో బస్సులోనే ఒక ఘట్టం రాశాను. చెంగడు గుడ్డను నాలుకతో తాకి, పటిక వగరును బట్టి దారి పోల్చుకుంటాడు. మర్నాడు అక్క కూతురికి ఫోనులో చదివి వినిపిస్తే, "కరక్కాయ కూడా వగరే కదా చిన్నమ్మా, గుడ్డంతా వగరుగానే ఉంటుంది," అంది. అవ్వ దానికి దగ్గు వచ్చినప్పుడల్లా కరక్కాయ ముక్క బుగ్గన పెడుతుంది కాబట్టి ఆ పిల్లకు తెలుసు. ఘట్టం కొట్టేశాను.

దాని బదులు కుదిరిన నియమం ఇది. దారి చూడాలంటే గుడ్డ తడపాలి. తడిపితే గీత కనబడుతుంది, కనబడిన మరుక్షణం ఆ లోకం దాన్ని తుడవడం మొదలుపెడుతుంది. కాబట్టి ఎన్నిసార్లు చూస్తే అంత పటం తరిగిపోతుంది. ఇది వగరు కంటే ఎన్నో రెట్లు మేలు.

మే, జాతర వారం

ఈ వారం రాయడానికి కూర్చోలేదు, వీధుల్లోనే ఉన్నాను. మా తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే, అయినా ఈసారి నోటుపుస్తకంతో చూశాను.

నవలికకు కావలసిన గడియారం ఇక్కడ ఉంది. మంగళవారం రాత్రి చాటింపు పడ్డాక, మర్నాడు బైరాగి వేషం, ఒంటినిండా నామం కొమ్ము తెలుపు. ఆ మర్నాడు బండ వేషం, కుంకుమ ఎరుపు. ఆ తరవాత తోటి వేషం, బొగ్గు నలుపు. ఆ పైన దొర వేషం, గంధం, వేపాకు. ఊళ్ళో ఏ మూల నిలబడ్డా, ఎదురొచ్చే పిల్లవాడి ఒంటి రంగు చూసి ఇది జాతరలో ఎన్నో రోజో చెప్పేయవచ్చు.

మునెమ్మా చెంగడూ బైరాగి వేషం రోజు తెల్లగా పూసుకుని కొండ అంచులోకి వెళ్తారు. లోపల వాళ్ళకు ఒక పూట గడిచినట్టే ఉంటుంది. తిరిగి వచ్చి వీధిలోకి దిగితే ఊరంతా నల్లగా ఉంటుంది, వాళ్ళిద్దరే తెల్లగా ఉంటారు. రెండు రోజులు పోయాయని ఎవరూ నోటితో చెప్పనక్కర్లేదు. అక్క కూతురి ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే దొరికింది. బైరాగి వేషం రోజు తెల్లని పిల్లలు వందల మంది ఉంటారు. ఏ తల్లికైనా తన పిల్లలు ఆ గుంపులోనే ఎక్కడో ఉన్నారనిపిస్తుంది. చీకటి పడ్డాక ఒక్కొక్కరి ముఖం తిప్పి చూసుకుంటూ వెతకడం మొదలుపెడుతుంది. తోటి వేషం నాడు ఆ తెలుపే రెండు వీధుల అవతల నుంచి ఆమెకు వాళ్ళను చూపిస్తుంది.

చాటింపు పడ్డాక ఊరివాళ్ళు పొలిమేర దాటరాదన్న కట్టుబాటు ఒకటి ఉంది, దాన్ని నేను మరిచిపోలేదు. చెంగడు భయపడతాడు, మునెమ్మ వాదిస్తుంది. "మనం పొలిమేర దాటల్యా, కొండలోకి పోయినాం, అంతే." ఆమె వాదన సరైనదో కాదో కథలో ఎవరూ తేల్చరు.

దగ్గరగా చూసిన సంగతి ఒకటి రాసిపెట్టుకోవాలి. గుడి దగ్గర నాలుగేళ్ళ బైరాగి ఒకడు నాన్న భుజం మీద కూర్చుని పుల్లఐసు తింటున్నాడు. చెమటకు చెంప మీది తెలుపు చెరువు అడుగున ఎండిన మట్టిలా పగిలింది, గడ్డం దగ్గర ఐసునీళ్ళు కారిన చోట మాత్రం సన్నని గోధుమరంగు చార. వాడి నాన్న చొక్కా భుజానికి చిన్న తొడల తెల్లని అచ్చులు రెండు పడ్డాయి. ఆ అచ్చులు ఏడో అధ్యాయంలోకి వెళ్తాయి, ఎందుకంటే నా లోకంలో పడనివి అవే.

జూన్ 8

పూర్తి చిత్తుప్రతి తయారైంది. 24,000 పదాలు. ఇందులో కనీసం 6,000 అక్కర్లేనివని చదవకుండానే తెలుసు.

మొట్టమొదట పోయింది బంగారు బల్లి. శేషాచలం కొండల్లో రాతి సందుల్లో బతికే ఈ బల్లిని బెడ్డోమ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1870లో శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. చీకటీ తేమా ఉన్న చోటు వెతుక్కుంటుంది, రాత్రిపూట గట్టిగా అరుస్తుంది, గుడ్లను రాతికి అతికించి పెడుతుంది. దీన్ని తలుపుకు కాపలాగా ఉంచి రెండు అధ్యాయాలు రాశాను. అది మాట్లాడుతుంది కూడా. అసలు తప్పు అక్కడే జరిగింది. మాట్లాడ్డం మొదలుపెట్టాక సలహాలు ఇచ్చింది, సలహాలు ఇచ్చాక మునెమ్మకు ఆలోచించే పని లేకుండా పోయింది. ఇప్పుడు బల్లి ఒక్కచోటే ఉంది. అంచు దగ్గర చీకట్లో అరుస్తుంది, చెంగడు "బల్లి పలికింది, పోవద్దక్కా," అంటాడు. కథలో దాని పని అంతే.

దేవాంగ పిల్లి, తలకోన జలపాతం, చంద్రగిరి కోటలో ఒక రాత్రి, ఇవన్నీ కూడా పోయాయి. ఊరి మీద ప్రేమ కొద్దీ రాసినవి అవి.

జూన్ 29

పదాలు 17,600కు దిగాయి. అమ్మ వెతికే అధ్యాయం మాత్రం పెరిగింది, దాన్ని ముట్టుకోదలచుకోలేదు. ఆ లోకంలో చెంగడు అమ్మ ముఖం మరిచిపోతున్నప్పుడు, ఇక్కడ అమ్మ పోలీసు స్టేషనులో వాడి ముఖం ఎలా ఉంటుందో చెప్పలేక నిలబడిపోతుంది. కుడి కనుబొమ మీద మచ్చ ఉందని చెబుతుంది, తరవాత ఎడమ అని దిద్దుతుంది, తరవాత ఏడుస్తుంది. ఈ రెండు ఘట్టాలనూ పక్కపక్కన పెట్టాలా, దూరంగా పెట్టాలా అని వారం తన్నుకున్నాను. పక్కపక్కన పెడితే రచయిత వేలెత్తి చూపిస్తున్నట్టుంది. మధ్యలో ఒక అధ్యాయం ఎడం ఇచ్చాను.

జూలై 27

డీటీపీ, అంటే అచ్చు కోసం కంప్యూటరులో పేజీలు కట్టే పని. దీని గురించి తక్కువ రాస్తే ఆరోగ్యానికి మంచిది. నేను యూనికోడులో ఇచ్చిన ప్రతిని వాళ్ళు తమ పాత ఫాంటులోకి మార్చుకున్నప్పుడు కొన్ని ఒత్తులు ఎగిరిపోయాయి. 'అవ్వ' అన్న చోటల్లా 'అవ' వచ్చింది. మూడు ప్రూఫులు చూశాను. మూడోదానిలో కూడా అవ్వ రెండుచోట్ల సగమే ఉంది. డెమీ సైజులో బొమ్మలతో కలిపి 96 పేజీలు, అంటే పదహారు పేజీల ఫారాలు సరిగ్గా ఆరు. ఒక్క పేజీ పెరిగినా ఇంకో ఫారం ఖర్చు మీదపడుతుంది కాబట్టి ఇక ఏదీ చేర్చే ప్రసక్తి లేదని డీటీపీ అబ్బాయికి మాట ఇచ్చాను.

ఆగస్టు 17

ముఖచిత్రం కోసం శ్రీకాళహస్తి పెద్దాయనను అడిగి, కథలోని పటాన్నే గుడ్డ మీద వేయించాను. చివరి అధ్యాయంలో పిల్లలు నిద్రపోయాక, వాళ్ళ అమ్మ ఆ ఖాళీ గుడ్డను ఎర్రచెక్క వేసి ఉడికిస్తుంది. మిగిలిన గీతలు ఎర్రబడి పైకి తేలతాయి, పిల్లలు దారి చూసుకున్న చోట్ల గీత తెగి ఉంటుంది. వాళ్ళు ఏమీ చెప్పకపోయినా, ఎక్కడెక్కడ ఆగారో, ఎక్కడ భయపడి మళ్ళీ మళ్ళీ చూశారో ఆ తెగిన చోట్లను బట్టి అమ్మ చదువుకుంటుంది. పెద్దాయనకు ఇదంతా చెబితే, చాలాసేపు కలం పట్టుకుని ఊరికే కూర్చుని, "అయితే పటిక ఆపాల్సిన చోట్లు నన్నే అనుకోనీ," అన్నారు. సరేనన్నాను.

గుడ్డ ఈ రోజు వచ్చింది. నేను ఊహించినదాని కంటే ఎరుపు ముదురుగా ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా నదినీళ్ళ వాసన వస్తోంది. అక్క కూతురు దాన్ని నేల మీద పరుచుకుని, ఒక చేత్తో ప్రూఫు కాగితాలు పట్టుకుని, రెండో చేతి వేలితో గీత వెంబడి కొండ అంచు నుంచి బయల్దేరింది. తెగిన చోటు వచ్చినప్పుడల్లా కాగితాల్లో ఆ ఘట్టం వెతికి పెన్సిలుతో టిక్కు పెడుతోంది. చివరికి వచ్చేసరికి తలెత్తి నావైపు చూసింది.

"వీళ్ళు గుడ్డ తడిపింది ఆరుసార్లు కదా చిన్నమ్మా. ఇక్కడ ఏడు ఉండాయి."

లెక్కపెట్టాను. ఏడే ఉన్నాయి. ఏడోది పటం చివర, ఇంటికి తిరిగే మలుపుకు కాస్త ఇవతల, మిగతా అన్నిటికంటే వెడల్పుగా ఉంది. అక్కడ వాళ్ళు ఎందుకు ఆగారో నాకు తెలియదు. డీటీపీ అబ్బాయికి ఫోను చేసి, ఎనిమిదో అధ్యాయం రేపు మళ్ళీ పంపిస్తానని చెప్పాను.